బురుజులో దీపపు గూడు

ఒమాన్ రాజధాని మస్కట్‌లో, వాడి కబీర్ పేటలో ఉండే మనవాళ్ళకు నన్ను చూస్తే జాలి. అటు వెళ్ళిన ప్రతిసారీ, ఏ పుట్టినరోజు విందులోనో ఒకావిడ నా పక్కన చేరి, "ఇబ్రాలో ఎలా ఉంటున్నారండీ? ఏముందండీ అక్కడ?" అని అడుగుతుంది. ఆవిడ కిటికీ తెరిస్తే వర్క్‌షాపుల చప్పుడు, మూస్తే ఏసీ చప్పుడు. అయినా జాలి పడేది నా మీద. మొదట్లో "ఖర్జూరం తోటలున్నాయండీ, గాలి బాగుంటుంది" అని మర్యాదగా చెప్పేదాన్ని. ఇప్పుడు మర్యాదలు మానేశాను. "మా దగ్గర బురుజులున్నాయి. అందులో ఒకదాన్ని మనవాడు నిలబెట్టాడు. తాబేళ్ళు చూడ్డానికి సూర్ వెళ్ళారు కదా, ఆ దారిలో ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి ఒక్కసారి బయటికి చూసి ఉంటే కనిపించేది" అంటాను. ఆవిడ ఇంకో ప్లేటు బిర్యానీ కోసం లేచిపోతుంది.

ఆ బురుజు గురించి రాయాలంటే అందులో నేను చేసిన నిర్వాకం కూడా రాయాలి. వేరేవాళ్ళు చెప్పేలోపు నేనే చెప్పుకోవడం మేలు. నా గురించి చెప్పడానికి ఈ ఊళ్ళో మనుషులకు కొదవ లేదు.

నేను స్కూల్లో చరిత్ర చెబుతాను. మాది కడప వైపు. మా ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో సైట్ సూపర్‌వైజర్. ఇరవై ఏళ్ళుగా ఆయన కట్టించినవి విల్లాలు, ప్రహరీ గోడలు, ఒక పెట్రోలు బంకు. వాటిని చూపించి నేనెప్పుడూ గొప్పలు చెప్పుకోలేదు. ప్రహరీ గోడ గురించి ఎవరైనా ఏం గొప్పలు చెబుతారు? అలాంటిది, ఒక చలికాలం మొదట్లో ఆ కంపెనీకి ఊరి బయట గుట్ట మీదున్న పాత కావలి బురుజు మరమ్మతు పని వచ్చింది.

గుండ్రటి బురుజు. నడుమెత్తు దాకా రాయి, ఆ పైనంతా మట్టి. ఒకప్పుడు కనుమ దారిలో ఎవరు వస్తున్నారో, కింద తోటలకు పారే నీటి కాలువ జోలికి ఎవరు పోతున్నారో దాని మీదినుంచి ఓ మనిషి కనిపెట్టుకుని ఉండేవాడు. తర్వాత ఆ పని అవసరం లేకపోయింది. ఒక పెద్ద వానకు వాగు వైపు సగం కూలిపోయింది. మిగిలిన సగం బీటలిచ్చి, ఎప్పుడు పడదామా అన్నట్టు నిలబడి ఉండేది.

అదే ఏడు నా పదకొండో తరగతి పిల్లలకు రోమన్ సామ్రాజ్యం పాఠం నడుస్తోంది. స్కూలు ఎగ్జిబిషన్‌కు రోమన్ల ఉత్తరపు సరిహద్దు గోడ చేస్తామన్నారు. ఇంగ్లండులో, ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా కట్టిన గోడ అది. మైలుకో చిన్న కోట, కోటకూ కోటకూ మధ్య రెండేసి కావలి బురుజులు. మంచి ఆలోచనే. అంతా థర్మోకోల్‌తో చేస్తామన్నారు.

"వద్దు" అన్నాను.

"మేడమ్, నెట్‌లో అందరూ థర్మోకోల్‌తోనే చేశారు."

"అందరూ చేశారు కాబట్టే మనం చెయ్యం. సరే, ఒకటి చెప్పండి. రోజూ బస్సులో వస్తారు కదా, మీరొచ్చే దారిలో కావలి బురుజులు ఎన్ని ఉన్నాయి?"

ఒకరివైపు ఒకరు చూసుకున్నారు. చివరికి వెనక బెంచీలో ఒకమ్మాయి, ఎప్పుడూ నాతో వాదనకు దిగేది, లేచి చెప్పింది. "టవర్లా మేడమ్? రెండున్నాయి. మొబైల్ టవర్లు."

ఇంగ్లండులో ఎప్పుడో కట్టిన గోడకు మైలుకు ఎన్ని బురుజులో చెబుతారు, కళ్ళముందు గుట్ట మీదున్నది కనబడదు! ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆయన మీద పడ్డాను. పిల్లల్ని సైట్‌కు తీసుకొస్తానన్నాను.

"పదకొండు మందినా? హెల్మెట్లు యాడుండాయి?"

"మీరు సూపర్‌వైజరా, నేనా? తెప్పీండి."

"కాలు జారి ఎవరైనా పడితే?"

"పడకుండ చూసుకోడానికే గదా కంపెనీ మిమ్మల్ని పెట్టింది."

ఆయన హెల్మెట్లు తెప్పించారు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్నది ఇదే: ఎక్కడ ఆగాలో.

అక్కడే ఆ మేస్త్రిని మొదటిసారి చూశాను. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. గల్ఫ్‌కు వచ్చి ఇరవై రెండేళ్ళయింది, అన్నాళ్ళూ షట్టరింగ్ పనే. చెక్కలు బిగించడం, కాంక్రీటు పోయడం, చెక్కలు విప్పడం. కానీ వాళ్ళ తాతా బాపూ మట్టిగోడలు పెట్టినవాళ్ళు. వాళ్ళ ఊరి నడుమ కూడా ఒక పాత బురుజుందట. వానాకాలం పోయాక దానికి మట్టి ఎత్తేది వాళ్ళింటివాళ్ళే. ఈ పని వచ్చినప్పుడు మట్టిపని తెలిసినవాడెవడని మా ఆయన క్యాంపులో అడిగితే, కాంక్రీటు తెలిసినవాళ్ళు ఒక వంద మంది తలలు దించుకున్నారు. ఈయన ఒక్కడు చెయ్యెత్తాడు.

"ఆయన మట్టి ముట్టుకుంటే చూడు, నీకే తెలుస్తుంది" అని మా ఆయన ముందే అన్నారు. తెలిసింది. కింద నాలుగు గుంతల్లో మట్టీ, కత్తిరించిన గడ్డీ నానుతున్నాయి. ఒకటి రెండు రోజులు కాదు, వారాల తరబడి. నలుగురు మనుషులు దిగి తొక్కుతున్నారు. మేస్త్రి ఒక గుంతలోంచి పిడికెడు తీసి, వాసన చూసి, "ఇంకా నాలుగొద్దులు" అని పక్కకు పోయాడు. నానినదాన్ని ముద్దలు చేసి గోడమీద కొట్టినట్టు వేస్తాడు, చేత్తో ఒత్తుతాడు. మూరెడు ఎత్తు లేవగానే ఆపేస్తాడు. అది ఆరి గట్టిపడేదాకా ఇంకో వరస వెయ్యడు. ఆ ఆరే రోజుల్లో కంపెనీ మేనేజరు ఫోన్ మీద ఫోన్.

"ముదీర్ సాబ్ జల్దీ జల్దీ అంటడు" అన్నాడు నాతో. "నేను ఇంటున్న మేడమ్. మట్టి ఇంటలేదు."

ఒక పిల్లాడు అడిగాడు, సిమెంటు వేస్తే త్వరగా అయిపోతుంది కదా అంకుల్ అని.

"అయితది బిడ్డా. గాని సిమెంటు, మట్టి ఒక్కతాన ఉండయి. రెండు వానలు పడ్డంక సిమెంటు పెచ్చు లెక్క లేస్తది. లేసుడే గాదు, పట్టుకున్న మట్టినిగూడ ఊడదీసుకొని పోతది."

ఇది నేను బోర్డు మీద గంటసేపు చెప్పినా వాళ్ళ తలకెక్కేది కాదు.

ఇక నా నిర్వాకం. మేస్త్రి పరంజీ ఎక్కి బయటి వైపుకు వెళ్ళిపోయాడు. మా ఆయనకు ఫోన్ వచ్చింది. నేను పిల్లలతో బురుజు లోపలికి వంగి దూరాను. చిన్న గుమ్మం. దాటి నిలబడగానే ఎడమ చేతి వైపు, భుజం ఎత్తులో గోడలో ఒక గూడు కనిపించింది. జానెడు ఎత్తు, అరచెయ్యంత లోతు, పైన కమాను. ఎంత చక్కగా ఉందంటే, అప్పుడే ఎవరో దీపం తీసుకుని అవతలికి వెళ్ళినట్టుంది.

"చూశారా?" అన్నాను. గొంతులో చరిత్ర టీచరు పూర్తిగా మేల్కొంది. "కావలివాడు దీపం పెట్టుకునే చోటు ఇది. ఇక్కడ దీపం, ఆ పైన కంతలోంచి పక్క బురుజు మీద చూపు. రోమన్ గోడ మీద నిలబడ్డవాడికీ ఇదే పని, ఇతనికీ ఇదే పని."

పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. వచ్చేటప్పుడు మేస్త్రి మా నమూనా కోసం రెండు బకెట్లు నానిన మట్టి ఇచ్చాడు. గూడు గురించి నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

ఎగ్జిబిషన్‌లో మా గోడ నాలుగు బెంచీల పొడవున్నది. అచ్చంగా మట్టి. పక్కన అట్టమీద మా గుట్ట బురుజు బొమ్మ, గూడు ఫోటో, కింద నేను రాసిన రెండు వాక్యాలు: "రోమన్ సైనికుడికైనా ఒమానీ కావలివాడికైనా ఒక చిన్న దీపం తోడు. ఆ దీపం పెట్టిన గూడు ఈ బురుజులో ఈనాటికీ ఉంది." రాసి, రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

పాత కట్టడాలు చూసుకునే ఆఫీసు నుంచి ఆ బురుజు పని పర్యవేక్షించే అధికారిణి ఒకామె ఉంది. ఒమానీ అమ్మాయి, ముప్ఫై లోపే. నల్ల అబాయా, కింద బురద అంటిన బూట్లు, భుజాన సంచి, చేతిలో కొలిచే టేపు. మా ఆయన మర్యాదకు పిలిచారు, ఆమె నిజంగానే వచ్చింది. గోడంతా చూసింది, మెచ్చుకుంది. ఫోటో దగ్గర ఆగిపోయింది.

"ఈ గూడు మా ఫోటోల్లో లేదు" అన్నది ఇంగ్లీషులో, నెమ్మదిగా.

"మీ ఫోటోలు ఎప్పుడు తీసినవి?"

"పని మొదలయ్యేముందు."

"అప్పటికి ఆ గోడ మీద పాత పూత ఉంది కదా? పూత కింద గూడు పూడిపోయి ఉంటుంది. మరమ్మతుకు పూత రాల్చారు, బయటపడింది."

"అలా జరగవచ్చు. జరిగిందని ఎలా చెబుతున్నారు?"

"జరగలేదని మీరెలా చెబుతున్నారు?"

జనం పోగయ్యారు. తల్లిదండ్రులకు ఇంతకంటే మంచి కార్యక్రమం ఆ రోజు ఇంకోటి లేదు. ఆమె వెనక నిలబడి మా ఆయన నాకు కళ్ళతో, చేతులతో, చివరికి కనుబొమ్మలతో కూడా సైగలు చేస్తున్నారు. నేను చూడనట్టున్నాను.

"మేస్త్రిని అడిగారా?" అన్నది ఆమె.

"కళ్ళకు కనబడుతుంటే అడిగేదేముంది?"

ఈ మాట నేనన్నాను. నా నోటితో. ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

ఆమె టేపు తీసి సంచిలో పెట్టుకుంది. "మీరు చెప్పింది నిజమైతే ఇది చిన్న విషయం కాదు. ఈ వైపు బురుజుల్లో ఇలాంటిది మాకు దొరకలేదు. మస్కట్ నుంచి మనుషులు వచ్చి చూడాలి. అప్పటిదాకా పని ఆపించేస్తాను."

నేను గెలిచాననుకున్నాను. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఆ తర్వాత శుక్రవారం పొద్దున, నేను దోసెలు పోస్తుంటే తలుపు కొట్టారు. మేస్త్రి. ఉతికిన చొక్కా, తడి ఆరని జుట్టు. క్యాంపు నుంచి మా ఇంటికి గంట నడక. మా ఆయన లోపలికి రమ్మన్నారు, నేను టీ ఇచ్చాను. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పని ఎందుకు బంద్ అయింది మేడమ్? సార్‌ను అడిగితే మిమ్మల్ని అడగుమంటున్నడు."

నేను ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. గూడు సంగతి, ఆఫీసు అమ్మాయి సంగతి, నేను వేసిన ప్రశ్నలు, ఆమె నోరు మూతబడ్డ వైనం. చెబుతూ ఉండగానే ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"గా గూడు పాతది గాదు అక్కా" అన్నాడు. నాకంటే ఒకటి రెండేళ్ళు పెద్దే అయి ఉంటాడు. అయినా ఆ రోజు మేడమ్ పోయి అక్క వచ్చింది. "గది నేనే వెట్టిన."

పెనం మీద దోసె మాడుతున్న వాసన వచ్చింది. ఎవరం లేవలేదు.

"ఆ దర్వాజ పక్క గోడ ఉబ్బి ఉండె. గుల్లదంత తీసేసి కొత్తగ లేపిన. మా దిక్కు దర్వాజ పక్కన దిగూడు లేకుంట గోడ పెట్టరక్కా. మా బాపు పెట్టిన ప్రతి గోడకు ఉంటది. నేను ఏదో యాది చేసుకుంట పని చేస్తున్న. చెయ్యి దాని పని అది చేసుకపోయింది. అయినంక చూసిన, అయ్యో అనుకున్న. మల్ల చూస్తే మంచిగనే ఉంది. ఉండనీ అనుకున్న."

"అయిపోయింది" అన్నారు మా ఆయన, ఎవరితోనూ కాదు.

ఆయన భయం నాకు తెలుసు. పాత కట్టడంలో లేనిదాన్ని సొంతంగా కలపడమంటే మామూలు తప్పు కాదు. కంపెనీకి తెలిస్తే మేస్త్రిని ఆ రోజే గుట్ట దింపి వేరే సైట్‌లో షట్టరింగ్‌కు తోలుతారు. బురుజు మీద ఇంకా మూడు వరసలు మిగిలున్నాయి. మట్టి తెలియని మనిషెవడో వచ్చి, తొందరలో లోపల సిమెంటు వేసి పైన మట్టి పూసి చేతులు దులుపుకుంటాడు.

"ఎవరికీ తెలీదు కదా" అన్నాను. చరిత్ర టీచరు అన్న మాట ఇది. "మస్కట్ వాళ్ళు వస్తారు, చూస్తారు, ఏదో రాసుకుంటారు, పోతారు. నీ పని నువ్వు ముగించుకో. నోరు తెరవాకు."

"నాకు ఎరుకే గదక్కా."

"నీకు ఎరుకైతే ఏంది?"

"మీ పిల్లలు ఫోటువలు తీసిన్రు. రేపు బుక్కుల రాస్తరు. ఈ ఊరోళ్ళ తాతలు పెట్టని దీపం వాళ్ళు పెట్టిన్రని రాస్తరు. గట్ల రాయొద్దు గద? వాళ్ళ తాతలు ఏం జేసిన్రో గదే ఉండాలె. నా చెయ్యి చేసింది వాళ్ళ మీద రుద్దుడేంది?"

నేను ఎం.ఏ. చదివాను. ఇరవై నాలుగేళ్ళుగా ఆధారాలంటే ఏమిటో పాఠాలు చెబుతున్నాను. మాడిన దోసె తీసి పారేసే మిషతో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. 

తిరిగి వచ్చేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నాడు. "షట్టరింగ్‌కు పంపుతే పోత అక్కా. ఇరవై రెండేండ్లు చేసిన, ఇంకో రెండేండ్లు చేస్త. గాని పై వరస నా చేతుల మీద పడాలె. గంతే నా బాధ. గల్ఫ్‌కొచ్చినంక ఇంట్లకు ఫోటో పంపిన పని గిదొక్కటే."

ఆదివారం పొద్దున గుట్ట మీద కలుద్దామని మా ఆయన అధికారిణికి ఫోన్ చేశారు. నేను స్కూలుకు సెలవు పెట్టాను. ఎక్కే దారంతా మేస్త్రికీ నాకూ జగడం.

"నేను జెప్త. తప్పు నాది."

"చేసింది నువ్వు. నలుగురిలో గొంతు చించుకుంది నేను. ముందు నేను."

"మీరు మొదలు పెడ్తే నాకు మాట్లాడ సందు దొరకది అక్కా."

మా ఆయన దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నారు. నవ్వుకే దగ్గు.

ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నేను ముందు చెప్పాను. "ఆ రోజు నేను అన్నది తప్పు. మేస్త్రిని అడగలేదు." నా జీవితంలో ఇంత చిన్న మాటతో ఏ గొడవా ముగించలేదు. తర్వాత మేస్త్రి, చేతులు కట్టుకుని, తనకు వచ్చిన హిందీలో మొదలుపెట్టాడు. ఆమెకు సినిమాల హిందీ వచ్చు. "మేడమ్, యే పురానా నై. మైనే బనాయా" అని, వాళ్ళ ఊరి గోడల సంగతి, తలుపు పక్కన దీపం పెట్టే సంగతి చెప్పాడు. దొరక్కపోయిన మాటలు నేను ఇంగ్లీషులో అందించాను. అందించడం వరకే, కలపలేదు.

ఆమె మొహం ఎర్రబడింది. నాకేసి చూసిన చూపు గురించి రాయను. లోపలికి వెళ్ళి ఆ గూట్లో అరచెయ్యి పెట్టి తడిమి చూసింది. బయటికి వచ్చి అడిగింది. "దీన్ని పూడ్చగలవా? గోడకు దెబ్బ తగలకుండా?"

"పూడుస్త. గాని ఒక్క మాట చెప్పుండ్రి" అని నా వైపు తిరిగాడు. "అక్కా, ఆమెను అడుగుండ్రి. కొత్తగ పూడ్చింది అని ఎరుకయ్యేటట్టు పూడ్చాల్నా, ఎరుక గాకుంట పూడ్చాల్నా? ఎరుక గాకుంట చేసుడు నాకు సులువే. గాని మల్ల ఇంకెవలన్న వచ్చి, గిదంత పాత గోడే అనుకుంటరు గద?"

నేను ఆ ప్రశ్నను మాట పొల్లు పోకుండా ఇంగ్లీషులోకి మార్చాను.  

ఆమె ఒక్కసారిగా నవ్వింది. ఎర్రదనం పోయింది. "నేను చదువుకునేటప్పుడు పరీక్షలో అడిగిన ప్రశ్న ఇది" అన్నది. "రెండు పేజీల జవాబు రాశాను. మార్కులు సరిగ్గా పడలేదు."

జవాబు అక్కడికక్కడ తేల్చారు. చూసేవాళ్ళకు గోడ ఒక్కటిగా కనిపించాలి, కానీ దగ్గరికి వచ్చి వెతికేవాడికి తెలియాలి. పూడ్చిన చోట పూత ఒక గోరంత లోపలికి ఉండాలి. మేస్త్రి చొక్కా విప్పి మడిచి రాయి మీద పెట్టాడు. గూడు లోపల నీళ్ళు చల్లాడు, చేతి వేళ్ళతో గీతలు పెట్టాడు, చిన్న చిన్న ముద్దలుగా మట్టి ఒత్తడం మొదలుపెట్టాడు. తాను చేసినదాన్ని తానే మూస్తున్న మనిషి మొహంలో నేను బాధ వెతికాను. లేదు. దోసె పిండి కలుపుతున్నట్టు మామూలుగా పని చేసుకుపోయాడు. తెరిచి ఉన్నప్పుడు, సగం పూడ్చినప్పుడు, అంతా అయ్యాక, ఆమె మూడు ఫోటోలు తీసింది. ఒళ్ళో ఫైలు పెట్టుకుని అరబీలో రాసి, నాకు ఇంగ్లీషులో చదివి వినిపించింది: ఈ గూడు పాతది కాదు, మరమ్మతు చేసిన మేస్త్రి పెట్టాడు, తానే చెప్పాడు, తానే మూశాడు. కింద మేస్త్రి పేరు, ఊరు పేరు. జగిత్యాల స్పెల్లింగు నన్నడిగి రాసుకుంది.

మా ఆయన ఆగలేక అడిగేశారు. "కంపెనీకి లెటర్ పంపిస్తారా మేడమ్?"

"పంపిస్తాను. మిగిలిన మూడు వరసలూ ఈ మనిషే వెయ్యాలని రాస్తాను. నిజం చెప్పేవాడు దొరికాక అతణ్ణి పంపించేసి ఇంకొకణ్ణి వెతుక్కోమంటారా?" నాకేసి తిరిగింది. "మీరు కూడా పిల్లల్ని తీసుకుని ఎప్పుడైనా రావచ్చు. రాసేముందు మాత్రం అడిగి రాయండి."

నా దగ్గర జవాబు ఉంది. రెండు ఉన్నాయి. మింగేశాను.

మేస్త్రి చేతులు కడుక్కుంటూ అడిగాడు, ఏమన్నదక్కా అని. చెప్పాను. ఆయన చొక్కా తొడుక్కోకుండానే నేరుగా మట్టి గుంత దగ్గరికి వెళ్ళి, పిడికెడు తీసి వాసన చూశాడు.

మర్నాడు క్లాసులో జరిగింది జరిగినట్టు చెప్పాను. పిల్లలు ఇంత శ్రద్ధగా నా పాఠం ఎప్పుడూ వినలేదు. టీచరు ఓడిపోయిన కథ అంటే ఎవరికి ఇష్టముండదు? వరండాలో పెట్టిన మా అట్టమీద వాక్యాలు మార్చాలన్నాను. మొబైల్ టవర్ల అమ్మాయి స్కెచ్ పెన్ పట్టుకుని లేచింది.

"తప్పు ఎవరిదని రాయాలి మేడమ్?"

"హిస్టరీ టీచర్‌దని రాయి."

"పెద్ద అక్షరాలతోనా?"

"నీ ఇష్టం."

పెద్ద అక్షరాలతోనే రాసింది. కింద మేస్త్రి పేరూ ఊరూ ఇంకా పెద్దగా రాసింది.

ఆ రోజే ఇంకో సంగతి చెప్పాను, మొదటే చెప్పాల్సింది. ఆ రోమన్ గోడ మీద కాపలా కాసినవాళ్ళంతా రోమ్ నగరంవాళ్ళు కారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. ఇక్కడికి అంత దూరం కాని టైగ్రిస్ నది మీద పడవలు నడిపేవాళ్ళు కూడా పోయి ఆ చలిలో డ్యూటీ చేశారు. కట్టిన సైనికులు తమ తమ దళాల పేర్లు రాళ్ళమీద చెక్కి పెట్టారు, అందుకే ఏ ముక్క ఎవరు కట్టారో ఈనాటికీ చెప్పగలుగుతున్నాం. మా బురుజు గోడ మీద ఏమీ చెక్కలేదు. ఫైల్లో ఉంది. అదీ తానే నిజం చెప్పి రాయించుకున్నది.

పై వరస పడ్డ రోజు మేస్త్రి మా ఆయనకు ఫోన్ చేశాడట, "అక్కను తోలుకరాండ్రి" అని. నా మోకాళ్ళ సంగతి ఆయనకు తెలియదు. నిచ్చెన ఎక్కేటప్పుడు మా ఆయన కింద నిలబడి, "మెల్లగా, మెల్లగా" అంటుంటే, "నోరు మూసుకోని నిచ్చెన పట్టుకోండి" అన్నాను. పైన గాలి. కింద తోటలు, వాగు, రోడ్డు మీద ఆటబొమ్మల్లా బస్సులు. అధికారిణి ముందే వచ్చి ఉంది. మేస్త్రి చివరి ముద్ద ఒత్తి, తడి చేత్తో గోడ అంచు పొడవునా ఒకసారి నిమిరి, పక్కకు జరిగాడు. మమ్మల్ని చూపు కంత దగ్గరికి రమ్మన్నాడు.

కంతలోంచి, సరిగ్గా నడిమధ్యలో, అవతలి గుట్ట మీది బురుజు కనిపించింది. దాని తల లేదు. ఒక పక్క మొత్తం జారిపోయింది. అయినా ఇటే చూస్తున్నట్టుంది. కూలిన గోడను పునాది నుంచి లేపి, కంతను ఇంత సరిగ్గా పాత చోటే నిలిపినందుకు ఎవరు చప్పట్లు కొట్టాలి? నేను కొట్టాను. ఈసారి చప్పట్లు పడాల్సినచోటే పడ్డాయి.

అధికారిణి అవతలి బురుజు వైపు వేలు చూపించింది. "వచ్చే చలికాలం అది. వస్తావా?"

మేస్త్రి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ గుట్టను చాలాసేపు చూశాడు. తొందరపడి ఒప్పుకోలేదు. ఏ వైపు జారిందో, నీళ్ళు ఎంత దూరం మొయ్యాలో లెక్క వేసుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఆ చూపు చూసి గర్వపడ్డాను, నా సొంత అన్నను చూసినట్టు. ఇరవై రెండేళ్ళలో ఆ మనిషిని వస్తావా అని అడిగినవాళ్ళెవరు? రమ్మన్నచోటికల్లా పోయాడు. ఈ రోజు ఒకరు అడిగారు, ఆయన ఆలోచించి చెబుతున్నాడు.

"వస్త" అన్నాడు చివరికి. "గాని గడ్డి ఇప్పటిసందే ఎండబెట్టుమనుండ్రి."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఫైల్లో రాసుకుంది.

నిచ్చెన దిగబోతుంటే నేను ఊరుకోలేక అన్నాను. "ఈసారి దిగూడు పెట్టకుండ చూసుకో. నీ చెయ్యి మళ్ళా దాని పని అది చేసుకుపోతుందేమో."

"నా చేతికి నేను జెప్పిన అక్కా, అది ఇన్నది" అన్నాడు నిచ్చెన పై కొన పట్టుకుని. "మీ నోటికి మీరు జెప్పిన్రా?"

కిందినుంచి మా ఆయన దగ్గు వినిపించింది.